చేపల కాటా మీద హెడ్ నర్సు

కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు ఎప్పుడైనా మా ఇంటికొస్తే, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడం" అని అడుగుతుంటారు. ఏ గుండెపోటు సంగతో, ఏ కష్టమైన కాన్పు సంగతో చెబుతానని సర్దుకుని కూర్చుంటారు. నేను చేపల రేవులో కాటా ఎక్కిన సంగతి మొదలుపెడతాను. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. పెద్దావిడకి కొంచెం మతి తప్పిందేమో అనుకుంటారు కూడా. తర్వాత నవ్వడం మొదలుపెడతారు. నేనూ నవ్వుతాను, ఎన్నిసార్లు చెప్పినా నాకు నవ్వు ఆగదు. సగంలో ఎవరో ఒకమ్మాయి మాత్రం నవ్వడం మానేసి, "అంటే మేడం, తప్పు మీదేనా?" అంటుంది. ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. అవునమ్మా, నాదే.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆఖరి నాలుగేళ్ళు నన్ను మా జిల్లా ఆసుపత్రి టెలిమెడిసిన్ గదిలో వేశారు. వార్డులో తిరగడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదని సూపరింటెండెంటుగారి దయ. గదంటే పెద్దగా ఊహించుకోకండి. అంతకుముందు అందులో వార్డు దుప్పట్లు మడతపెట్టి దాచేవాళ్ళు. దుప్పట్లు తీసేసి ఒక టీవీ తెర, ఒక కెమెరా, ఒక కంప్యూటరు, మూల ఒక బరువు తూచే మిషను పెట్టారు. నాకు తోడు ఒక కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి. పాతికేళ్ళు కూడా ఉండవు, నోరు మూతపడేది కాదు, చేతులు మాత్రం కీబోర్డు మీద మిషనులా పనిచేసేవి. విశాఖపట్నంలో కూర్చున్న పేగుల డాక్టరుగారు సోమవారం, గురువారం తెర మీదకి వచ్చేవారు. చిన్నవాడు, మంచివాడు, ఎప్పుడూ హడావుడి.

మా దగ్గరున్నవాళ్ళందరిదీ పేగుపూత జబ్బు. పెద్దపేగు లోపలి పొర పుండుపడి, రోజుకి పది పదిహేనుసార్లు విరేచనాలు, అందులో రక్తం. మందులతో అణుగుతుంది, కానీ పూర్తిగా పోదు. అణిగి అణిగి ఒకరోజు మళ్ళీ లేస్తుంది. లేచే ముందే పట్టుకోగలిగితే మాత్రలతో సరిపోతుంది, ఆలస్యమైతే ఆసుపత్రిలో పడుకోబెట్టాలి. ఇచ్చాపురం నుంచి శృంగవరపుకోట దాకా ఉన్నవాళ్ళు నెలనెలా విశాఖ వెళ్ళి క్యూలో నిలబడడం మాటలా? అందులోనూ బస్సు ఎక్కాలంటేనే భయపడే జబ్బు ఇది. అందుకని ఇంట్లోనే ఉండి ప్రతి ఆదివారం ఫోనులో ఒక ఫారం నింపాలి. ఎన్నిసార్లు వెళ్ళారు, రక్తం ఉందా, కడుపునొప్పి ఉందా, మందు వేసుకున్నారా, బరువెంత. అన్నీ బాగుంటే వాళ్ళ పేరు పచ్చగా కనిపిస్తుంది, అనుమానముంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. ఏ గడి ఖాళీగా వదిలినా ఫారం ముందుకి కదలదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

నాలుగేళ్ళూ ఆ గదిలో నవ్వినంత నేను నా పెళ్ళిలో కూడా నవ్వలేదు. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన ఉండేవాడు. డ్యూటీలో ఉండగా వీడియో కాల్ చేస్తే, పక్కన జనం ఉన్నారని నోరు మెదపకుండా కెమెరా ముందు వేళ్ళు చూపించేవాడు. మూడు వేళ్ళంటే మూడుసార్లు. ఒకసారి అయిదు వేళ్ళు ఊపేసరికి నేను కంగారుపడి మందు పెంచమని డాక్టరుగారికి చెప్పబోయాను, తీరా ఆయన టాటా చెబుతున్నాడు. రామతీర్థం దగ్గర రైతు ఒకాయన ఇంకా శ్రద్ధగలవాడు. పొద్దున్నే గులాబీపువ్వుతో గుడ్ మార్నింగ్ బొమ్మ ఒకటి పంపేవాడు, దాని వెనకే ఆరోజు తన విరేచనం ఫోటో. ఎవరూ అడగలేదు. నేను సరిగ్గా ఉప్మా ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి వచ్చేవి రెండూ. వద్దండీ అంటే, "మీకు అనుమానం ఉండకూడదు కదండీ" అనేవాడు.

ఇక మా చేపలామె. ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే రేవు ఊళ్ళలో ఒకటి వాళ్ళది. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు వేటకి వెళ్తాడు, ఈమె గంప నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం వీధుల్లో చేపలమ్ముతుంది. గొంతు విప్పితే రెండు వీధులకి వినపడేది. ఆమె ఫోను చేసినప్పుడు మా ఆపరేటరమ్మాయి స్పీకరు తగ్గించేసి తలుపు కూడా వేసేది. పేగుపూత గురించి వరండాలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోతుందని భయం.

ఈమె మమ్మల్ని ఒకసారి మోసం చేసింది. మొదటి ఏడాదే. నెల్లాళ్ళపాటు ప్రతి ఆదివారం "రెండుసార్లు, రక్తం లేదు" అని నింపింది. పచ్చగా కనిపించేది. నేను ఫోను చేస్తే, "బాగున్నానమ్మా, గుండ్రాయిలాగున్నాను" అనేది. ఒకరోజు వాళ్ళత్తగారు నాకు ఫోను చేసి, "ఏటి బాగుండడం? రగతం పోతన్నాది. గంప ఎత్తొద్దంటారని మీకు సెప్పడం నేదు" అంది. అప్పటికే ఆలస్యమైంది. విశాఖలో పన్నెండు రోజులు పడుకోబెట్టారు. స్టిరాయిడ్లు వాడాల్సొచ్చింది. మొహం బూరెలా పొంగిపోయింది. నిద్ర లేదు, ఊరికే ఏడుపు, ఊరికే కోపం. ఆ మొహంతో చేపలమ్మడానికి వెళ్తే ఎప్పుడూ కొనేవాళ్ళే గుర్తుపట్టక, "కొత్తదానివా? పాతామె ఏదీ?" అని అడిగారట. ఆ మాట నాకు చెప్పి తెర మీద వెక్కివెక్కి ఏడ్చింది. "సచ్చిపోయినా ఆ మాత్రలు మళ్ళీ మింగనమ్మా, ఇంకెప్పుడూ అబద్దం ఆడను" అని ఒట్టేసింది. ఏడాదిన్నర ఆ ఒట్టు మీదే ఉంది. కానీ మా గదిలో మాత్రం ఆమె పేరు పక్కన డాక్టరుగారు ఒక చిన్న నక్షత్రం పెట్టించారు. ఆ నక్షత్రానికి అర్థం, ఈమె మాట నమ్మొద్దని.

అసలు రోజు ఒక సోమవారం. సోమవారం పొద్దున్నే గది తెరవగానే నేను చేసే మొదటి పని, మూలనున్న మిషను ఎక్కి నా బరువు చూసుకుని పుస్తకంలో రాయడం. మిషను సరిగ్గా ఉందో లేదో తెలియడానికి అలా ఒక మనిషి ప్రతివారం ఎక్కాలని రూలు. ఆ మనిషిని నేనెందుకయ్యానో నాకే తెలీదు. మూడు నెలలుగా రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలు తింటున్నాను, సాయంత్రం మేడ మీద నడుస్తున్నాను. ఆ సోమవారం కూడా డెబ్బై ఆరు. మూడు నెలల కిందటా డెబ్బై ఆరే. "మిషను చాలా బాగుంది మేడం, గ్రాము కూడా కదల్లేదు" అంది మా ఆపరేటరమ్మాయి. ఆ పిల్లని ఆరోజు కొట్టాల్సింది.

తర్వాత ఆదివారం ఫారాలు తెరిచాం. అన్నీ పచ్చ, పచ్చ, పచ్చ, ఒక్కటి ఎరుపు. చేపలామె. రెండుసార్లు, రక్తం లేదు, నొప్పి లేదు, మందులు వేసుకున్నాను. బరువు నలభై ఏడున్నర. కిందటివారం యాభై రెండు.

ఒక్క వారంలో నాలుగున్నర కిలోలు!

డాక్టరుగారు తెర మీదకి రాగానే అదే చూపించాం. ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "మిగతావన్నీ నార్మల్ అంటోంది, బరువు మాత్రం ఇంత పడిపోయింది. లాస్ట్ టైమ్ కూడా ఇదే కథ కదా. దాచిపెడుతోంది. ఈరోజే తీసుకొచ్చి అడ్మిట్ చేయండి. రేపు ఇక్కడికి పంపిస్తే స్టిరాయిడ్స్ మొదలుపెడతాను" అన్నారు.

నేను ఫోను చేశాను. వెనక సముద్రం హోరు, ఆడవాళ్ళ గోల. "బాగున్నానమ్మా" అంది. ఎన్నిసార్లు వెళ్ళావని అడిగాను. అన్నం ఎంత తిన్నావు, రక్తం నిజంగా లేదా, నీరసంగా ఉందా, జ్వరమొచ్చిందా, మందు చీటీ చూసి చదువు, అన్నీ అడిగాను. పావుగంట అడిగాను. అన్నిటికీ బాగున్నాననే అంది. ఎంత బాగున్నానంటే అంత అనుమానం పెరిగింది నాకు. "మరి నాలుగున్నర కిలోలు ఎక్కడికి పోయాయే?" అంటే, "నాకేటి తెలుసమ్మా, అందులో అలగే సూపించింది" అంది. అందులో అంటే ఎందులో అని అడగాలా వద్దా? ముప్పై నాలుగేళ్ళ సర్వీసు! అడగలేదు.

వాన్ తీయించాను. సెలైన్ సీసా, ఇంజెక్షన్లు, విరేచనం శాంపిల్ కోసం ఐసు పెట్టె, అడ్మిషన్ కాగితాలు, అన్నీ సర్దించాను. ఏదో మరిచిపోయామనిపించింది గానీ ఏమిటో తట్టలేదు. మేం వెళ్తున్నది ఆమె బరువు గురించి. మరిచిపోయింది బరువు మిషను. ఇందులో నాకు అర్థమైందేమిటంటే, ముందే తీర్పు రాసేసుకుని బయల్దేరినవాళ్ళకి మళ్ళీ తూచి చూద్దామన్న ఆలోచనే రాదు.

రేవుకి చేరేసరికి పది దాటింది. బోట్లు ఒడ్డుకొచ్చి ఉన్నాయి. ఇసుకలో టార్పాలిన్ల మీద కవళ్ళు, కానాగడతలు, ఇంకా ఏవేవో చేపలు రాశులుగా పోసి ఉన్నాయి. చేపలు కొనే షావుకారు ఒక రేకుల పందిరి కింద ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకుని తూకాలు వేయిస్తున్నాడు. మా చేపలామె అప్పుడే గంప నెత్తికెత్తుకుని ఆటో వైపు నడుస్తోంది. మా వాన్ చూసింది. మా ఆపరేటరమ్మాయి అత్యుత్సాహంతో సెలైన్ సీసా చేత్తో ఎత్తి పట్టుకుని మరీ దిగింది. అది చూసింది. వెనక్కి తిరిగి పరుగందుకుంది.

"ఆగవే!" అని నేనూ పరిగెత్తాను. ఏ దేవుడు పరిగెత్తమన్నాడో తెలీదు. తడి ఇసుక, ఆసుపత్రి చెప్పులు, డెబ్బై ఆరు కిలోలు, మోకాళ్ళు. ఆమె బోటు చుట్టూ తిరిగితే నేనూ బోటు చుట్టూ తిరిగాను. నా చెప్పు ఒకటి ఇసుకలో దిగబడిపోయింది. ఆమె నెత్తి మీద గంప కదల్లేదు, ఒక్క చేప జారలేదు. రాశుల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు పనులాపేసి చూస్తున్నారు. "ఓలమ్మో, నర్సమ్మ పరుగెడతన్నాది సూడండర్రా!" అని ఒకామె. "ఆ గుంటని పట్టుకోవాలంటే వల ఎయ్యాల!" అని ఇంకొకామె. రెండో చుట్టుకి నా పని అయిపోయింది. బోటు అంచు పట్టుకుని కూలబడ్డాను.

అప్పుడు తనంతట తనే వెనక్కొచ్చింది. గంప దించి, ఎవరి దగ్గరో సీసా లాక్కుని నీళ్ళిచ్చింది. కొంగుతో విసురుతూ, "కూకోండమ్మా, కూకోండి. మీకేటైనా అయితే మా రేవుకి సెడ్డపేరు" అంది.

ఆలోచించండి. పేగుపూత తిరగబెట్టి, రక్తం పోయి, వారంలో నాలుగున్నర కిలోలు తగ్గిన మనిషి, పాతిక కిలోల గంపతో బోటు చుట్టూ రెండుసార్లు పరిగెత్తి, ఆయాసపడకుండా వచ్చి నర్సుకి నీళ్ళు పట్టింది. నాలుక చూడక్కర్లేదు, నాడి చూడక్కర్లేదు, ఏ టెస్టూ అక్కర్లేదు. అయినా నేను ఊపిరందగానే అన్న మాటేమిటో తెలుసా? "వాన్ ఎక్కు."

వాళ్ళత్తగారు పరిగెత్తుకొచ్చింది. అప్పుడు ఫోను చేసి కోడలి గుట్టు బయటపెట్టింది ఈవిడే కాబట్టి, నాకు సాయం చేస్తుందనుకున్నాను. "అప్పుడు అబద్దమాడింది, నానే సెప్పేను మీకు. ఇప్పుడు ఏటీ నేదు నర్సమ్మా. పొద్దున్న పళ్ళెం నిండా అన్నం తిన్నాది. దొడ్డికెళ్ళడం నాను లెక్కెడతానే ఉన్నాను, రెండే" అంది. పాపం, ఏడాదిన్నరగా లెక్కపెడుతోందట. నేను ఆవిణ్ణీ నమ్మలేదు. ఇద్దరూ కలిసిపోయారనుకున్నాను.

"చూడమ్మా, నువ్వు చెప్పేది వేరు, నీ బరువు చెప్పేది వేరు. బరువు అబద్ధం చెప్పదు" అన్నాను. ఎంత గంభీరంగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమె లేచి నిలబడింది. గొంతు మామూలుగా రెండు వీధులకి వినపడుతుందని చెప్పాను కదా. ఆరోజు సముద్రానికి కూడా వినపడింది.

"అప్పుడు అబద్దమాడితే నమ్మేరు. ఇప్పుడు నిజం సెప్తంటే నమ్మరేటమ్మా?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. "ఆ మాత్రలు మింగితే నా మొకం నాకే తెలీదు. నా కూతురు నా దగ్గర పడుకోడానికి బయపడిపోనాది. ఏడాదిన్నర మీరు సెప్పినట్టల్లా సేసేను. ఇంకేటి సెయ్యాల?" అంది. అని నా చెయ్యి పట్టుకుని షావుకారు పందిరి వైపు లాక్కెళ్ళింది. "రండి. దీనిమీదే తూగేను నిన్న. మళ్ళీ తూగుతాను, సూడండి."

"దీని మీదా?" అన్నాను.

"ఎప్పుడూ అంగన్‌వాడీలో తూగుతాను. మేస్టరమ్మ ట్రైనింగుకెళ్ళిపోనాది, తాళమేసున్నాది. బరువు ఎయ్యకపోతే ఫారం కదలదు, నిన్నంతా నొక్కేను. అందుకే ఇక్కడెక్కేను. కాటా అంటే కాటాయే కదేటి?"

చేపల తడితో జారుతున్న కాటా ఎక్కింది. పొలుసులు అంటుకున్న ఆ చిన్న అద్దంలో ఎర్రంకెలు కాసేపు తడబడి ఆగాయి. నలభై ఏడున్నర.

నేను ఆపరేటరమ్మాయి వైపు 'చూశావా' అన్నట్టు చూశాను. నిజం చెప్పాలంటే నా ప్రాణం కొంచెం కుదుటపడింది, నేనే రైటని. ఆ సంగతి రాయడానికి కష్టంగానే ఉంది, కానీ రాయాలి.

చేపలామె కాటా దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "అయితే మీరెక్కండి" అంది.

"నేనెందుకు?"

"ఎక్కండమ్మా. నన్ను ఇంతమందిలో తూచేరు కదా. మీరూ ఎక్కండి."

ఆడవాళ్ళంతా లేచి చుట్టూ చేరారు. "ఎక్కండి నర్సమ్మా, ఎక్కండి" అని ఒకటే కేరింతలు. ఉన్న ఒక్క చెప్పూ విప్పేసి ఎక్కాను. కింద చల్లగా, జిగటగా ఉంది. అంకెలు పరిగెత్తాయి, ఆగాయి.

అరవై తొమ్మిదిన్నర.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం మీకెలా చెప్పను! కేసు మర్చిపోయాను, డాక్టరుగారిని మర్చిపోయాను, రేవుని మర్చిపోయాను. అరవై తొమ్మిదిన్నర! పుల్కాలు పనిచేశాయి! మేడ మీద నడక పనిచేసింది! మా ఆయనకి ఎప్పుడు చెబుదామా అన్న ఆలోచన కూడా వచ్చేసింది. కాటా మీదే నిలబడి నవ్వుతున్నాను, పిచ్చిదానిలా.

మా ఆపరేటరమ్మాయికి నోరు మూతపడదని చెప్పాను కదా. "మేడం, పొద్దున్న ఎనిమిదింటికి డెబ్బై ఆరున్నారు. నేనే పుస్తకంలో రాశాను" అంది.

నా నవ్వు ఆగిపోయింది.

"దారిలో ఆరున్నర కిలోలు తగ్గిపోనారేటి?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఒక్కసారి అందరూ పగలబడి నవ్వారు. "ఆ వేన్ బాగున్నాదే, నన్నూ ఎక్కించండే!" అని ఒక లావుపాటామె. నేను కాటా దిగి చేపలామె మొహం చూశాను. ఆమె నా మొహం చూసింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నేను డెబ్బై ఆరైతే, ఆమె యాభై రెండే. ఒక్క గ్రాము తగ్గలేదు. పేగు తిరగబెట్టలేదు. అబద్ధమాడింది ఆమె కాదు, కాటా.

నాకు తట్టింది అంతవరకే. రేవు ఆడవాళ్ళకి ఆ తర్వాతది కూడా తట్టింది. నవ్వుతున్నవాళ్ళు ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. ఒక ముసలామె మెల్లిగా ముందుకొచ్చి, "ఉండండర్రా. మనుషుల్నే ఇలగ తూగితే, మరి మన సేపలో?" అంది.

వాళ్ళ పద్ధతి నాకు తర్వాత చెప్పారు. చేపలు తడిగా ఉంటాయి, గంపకీ బరువుంటుంది. అందుకని తూచాక ప్రతి గంపకీ రెండు కిలోలు తరుగు తీసేస్తారు. అది అందరికీ తెలిసిందే, తాతల నాటినుంచి ఒప్పుకున్నదే. కానీ నోటితో తీసే తరుగు కాకుండా కాటా లోపల తనే ఇంకో తరుగు తీసేస్తోందని ఎవరికి తెలుసు? మూడు కాలాలూ దాని మీద చేపలే ఎక్కాయి. చేపకి తన బరువెంతో తెలీదు. నాకు తెలుసు, అదీ ఆరోజు పొద్దున్నే తెలుసు.

వాళ్ళత్తగారు ఇంటికి పరిగెత్తి, కుట్టు విప్పని పాతిక కిలోల బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని వచ్చింది. కాటా మీద పడేసింది. ఇరవై రెండూ ఎనిమిది వందలు.

ఇక చూడాలి! నా సర్వీసులో సమ్మెలు చూశాను, వార్డుల్లో బంధువుల గొడవలు చూశాను, అలాంటి గోల చూడలేదు. షావుకారు మొహం తెల్లబోయింది. "బేటరీ దిగిపోనాదమ్మా, బేటరీ" అంటున్నాడు. "నీ బేటరీ ఎప్పుడూ కిందకే దిగుతాదేటి? ఒక్కసారైనా పైకెక్కదేటి?" అని ముసలామె. ఇంకొకామె షావుకారునే రెక్క పట్టుకుని కాటా ఎక్కించింది. అతని బరువు చదివి, "ఓలమ్మ, పాపం చిక్కిపోనాడర్రా! నర్సమ్మా, ఈడికి సెలైను ఎట్టండి!" అని కేక. మా ఆపరేటరమ్మాయి చేతిలో ఇంకా ఆ సీసా ఉంది. చేపలామె నవ్వుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ నవ్వుతోంది.

ఆ గోలలోనే డాక్టరుగారికి వీడియో కాల్ చేశాను. "మేడం, మీరెక్కడ నిలబడ్డారు? ఎందుకు చెప్పుల్లేవు?" అన్నారు. చెప్పాను. మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పేసరికి కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, నవ్వి నవ్వి తెరలోంచి పక్కకి ఒరిగిపోయారు. తర్వాత నవ్వు ఆపుకుని, ఫోను ఆమెకివ్వమన్నారు. "సారీ అమ్మా. నీ మాట వినాల్సింది" అన్నారు. పెద్ద డాక్టరు అలా అనడం ఆమె ఎక్కడ చూసింది? సిగ్గుపడిపోయి ఫోను నా చేతిలో పెట్టేసింది. అయినా జాగ్రత్త మనిషి కదా, శాంపిల్ ఒకటి తెమ్మన్నారు, పేగులో వాపుంటే అందులో తెలిసిపోతుందని. అయిదు రోజులకి రిపోర్టు వచ్చింది. శుభ్రంగా ఉంది.

ఆయన సారీ చెప్పడం తేలిక, విశాఖలో ఉన్నారు. నేను రేవులో అంతమంది మధ్య నిలబడి ఉన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పు నాదమ్మా. నీ మాట కాదని ఈ డొక్కు కాటాని నమ్మాను" అన్నాను. తను నన్ను కాటా ఎక్కించకపోయి ఉంటే ఆమెని వాన్ ఎక్కించేసేదాన్ని. ఒంట్లో ఏమీ లేని మనిషికి మళ్ళీ ఆ మాత్రలు, మళ్ళీ ఆ మొహం, దగ్గరికి రావడానికి భయపడే కూతురు. నా సంతకంతోనే అదంతా జరిగేది. ఆమె మాత్రం ఇసుకలోంచి నా చెప్పు వెతికి తెచ్చి, "ఏసుకోండమ్మా, ఏటవుతాది. నానూ మీకు ఒకసారి అబద్దం సెప్పేను కదా. సరికి సరి" అంది.

మర్నాడు నేను చేసిన మొదటి పని ఆమె పేరు పక్కన నక్షత్రం తీయించడం. రెండోది, ఫారంలో బరువు గడి కింద 'ఏ కాటా మీద?' అని ఒక గడి పెట్టించడం. ఆ గడి పెట్టించడానికి నాలుగు ఉత్తరాలు రాయాల్సొచ్చింది. రామతీర్థం రైతు మొదటి వారమే అందులో తన కాటా ఫోటో పంపాడు, పువ్వుతో సహా.

అమ్మాయిలూ, ఇందులో నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే అది నేను బోటు అంచున కూలబడినప్పుడు నా కళ్ళ ముందు నిలబడి నీళ్ళిచ్చింది. తెర మీద ఎరుపు కనిపిస్తే కంగారుపడండి, తప్పులేదు. వెళ్ళాక మాత్రం మనిషిని చూడండి.

రేవులో షావుకారు కొత్త కాటా తెచ్చాడు. ఆడవాళ్ళు దాన్నీ ఊరికే నమ్మలేదు. ఒక పద్ధతి పెట్టుకున్నారు. వారానికోసారి, తూకాలు మొదలయ్యే ముందు, మా చేపలామె అంగన్‌వాడీలో బరువు చూసుకుని నేరుగా రేవుకొస్తుంది. అందరూ చుట్టూ నిలబడతారు. ఆమె కాటా ఎక్కుతుంది. రెండంకెలూ కలిస్తేనే మొదటి గంప దాని మీద పెడతారు. ఏడాదిన్నర పాటు ఎవరూ నమ్మని మనిషి, ఇప్పుడు ఆ ఊరి తూకానికి సాక్షి. అందుకని మందులు ఒక్కరోజు కూడా మానదట. "నాను తగ్గిపోతే ఊరు ఊరంతా మోసపోతాదమ్మా" అంటుంది.

నేను రిటైరై రెండేళ్ళయింది. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఇప్పటికీ ఆమె ఫోను వస్తుంది. వెనక సముద్రం, ఆడవాళ్ళ గోల. ముందు తన బరువు చెబుతుంది. కిందటి వారం యాభై మూడు. తర్వాత ఎప్పటిలాగే అడిగింది.

"మీదెంతమ్మా?"

"డెబ్బై రెండు" అన్నాను.

ఆమె గొంతు తగ్గించి, అంటే ఒక వీధికి మాత్రమే వినపడేలా, అడిగింది.

"ఏ కాటా మీదమ్మా?"